బీదర్‌ల ఐదు బీర్లు, ఒక ముక్కు

బీదర్ పోయొచ్చినోళ్లు కోట గురించి రాస్తరు. కోట నేను కూడ చూసిన. పెద్దగున్నది, ఎర్రగున్నది, ఎక్కితే మోకాళ్లు నొస్తయి. కోట సంగతి అయిపోయింది. నేను పోయింది బీరు గురించి, అదే చెప్త.

నా పేరు మల్లేశం. సంగారెడ్డి అవుతల ఒక బీరు కంపెనీల ఇరవై రెండేండ్ల నుంచి రుచి చూసే పని నాది. ఈ మాట చెప్తే చాలు, ప్రతి మొగోడు నా చెయ్యి పట్టుకుని "ఏం నసీబ్ అన్నా నీది" అంటడు. పొద్దున పదకొండింటికి, ఏం తినకుండ, చాయ్ కూడ తాగకుండ, ఆరు గ్లాసులు ముందట పెట్టుకుని, ఒక్కోదాన్ని ముక్కుతోటి పీల్చి, రెండు గుక్కలు మింగి, కాగితం మీద రాసి లేచుడు నసీబ్ అయితే, అది నాకున్నది.

ఉండె అనాలె. ఏడు నెలల కింద నాకు జ్వరమొచ్చింది. జ్వరం పోయింది, పోతపోత ముక్కును కూడ పట్టుకపోయింది. నాలుకకు చేదు, పులుపు, తీపి, ఉప్పు తెలుస్తయి. వాసన మాత్రం సున్నా. బీరుల రుచి అనుకునేది ఎక్కువ మందం వాసననే. ఈ సంగతి కంపెనీల చెప్పలే, ఇంట్ల చెప్పలే. పక్కోళ్ల మొహాలు చూసుకుంట, ఎవ్వరు నిలదీయని మాటలు రాసుకుంట నెట్టుకొస్తున్న. ఏడాదికోసారి మాకు పరీక్ష ఉంటది. మూడు గ్లాసులు పెడ్తరు. రెండిట్ల ఒకటే బీరు, మూడోదాంట్ల వేరే. ఆ వేరేది ఏదో చెప్పాలె. తప్పినోని పేరు కొట్టేసి లోడింగు దిక్కు పంపుతరు. ఆ పరీక్ష వచ్చే సోమవారమే.

గట్ల నిద్ర పట్టకుండ ఉన్న రోజులల్లనే శ్రీశైలం ఫోన్ చేసిండు. శ్రీశైలం నా భార్య తమ్ముడు. బీదర్ పిల్లను చేసుకుని, ఆడనే యాపారం పెట్టుకుని, ఇప్పుడు ఆ ఊరోళ్ల కంటె గట్టిగ కన్నడం మాట్లాడుతడు.

"బావా, శనివారం రెస్టారెంటు ఓపెనింగ్. బెంగుళూరు నుంచి ఐదు రకాల బీరు డ్రమ్ములల్ల తెప్పిస్తున్న. నాకేమో స్ట్రాంగ్, లైట్ తప్ప మూడో మాట తెల్వది. నువ్వొచ్చి మా మనిషికి నేర్పాలె. డ్రమ్ములు రుచి చూసి నువ్వు సరే అంటేనే నల్లాలు తిప్పుత."

"వస్తలే" అన్న. ఎందుకన్ననో నాకే తెల్వది. ఇరవై రెండేండ్ల అలవాటు, నోరు దానంతట అదే అంటది.

మన్నాఏఖేళ్ళి

బీదర్ పోవాలంటే జహీరాబాద్‌ల బస్సు దిగాలె. నేను నిద్రపోయిన. కళ్లు తెరిచే వరకు బోర్డులన్నీ కన్నడంల ఉన్నయి. కండక్టరు నా దిక్కు చూసి, "మన్నాఏఖేళ్ళి. దిగుతవా, హుమ్నాబాద్ దాక వస్తవా?" అన్నడు. దిగిన.

రోడ్డు పొడుగున బజారు. ఉల్లిగడ్డల బస్తాలు, ట్రాక్టరు సామాన్లు, మధ్యల లారీలు. బీదర్ బస్సుకు గంట టైమున్నదన్నరు. ఒక హోటల్‌ల కూసున్న. ఎనభై రూపాయలకు రెండు జొన్నరొట్టెలు, పుండిపల్లె, పల్లీల కారం, పెరుగు. పుండిపల్లె అంటే ఏందో కాదు, మన పుంటికూరనే, గోంగూర అంటరు గదా, పప్పు, జొన్ననూక ఏసి మెత్తగ ఉడకబెడ్తరు. మన దిక్కు రొట్టెకు పక్కన ఉల్లిగడ్డ పెడితె మర్యాద అయిపోతది. ఈడ ఉల్లిగడ్డతో పాటు పచ్చి మెంతికూర కట్ట, ముల్లంగి ముక్క కూడ పెడ్తరు. మేకకు ఏసినట్టు ఏస్తుండ్రేందని అనుకున్న గాని, పక్క బల్ల మీదోళ్లు చూపెడితె నేను కూడ నమిలిన.

ఎదురుంగ ఒక మిర్చి యాపారి కూసున్నడు. తెల్ల టోపీ, పెద్ద మీసం. నేను తెలుగోన్నని తెలిసి తెలుగులనే అడిగిండు. "ఎట్లున్నదన్నా పుండిపల్లె?"

"పుల్లగున్నది."

"ఇంక?"

"ఉప్పు సరిపోయింది."

ఆయన తినుడు ఆపిండు. "నూనెల ఎల్లిపాయ మాడిచ్చి పోసిండ్రు గదనే! గా వాసనకే నేను ఇరవై కిలోమీటర్లు బండి మలుపుకుని వస్త."

ఆయన గిన్నె ముక్కు కాడికి తెచ్చుకుని కళ్లు మూసుకున్నడు. నాకు ఏడుపొచ్చింది. అబద్ధమెందుకు, నిజంగనే వచ్చింది. కారం ఎక్కువైందని చెప్పి కండ్లు తుడుచుకున్న. ఆయన పాపం నాకు పెరుగు ఇంకో గిన్నె చెప్పిండు, పదిహేను రూపాయలు.

బీదర్, గురువారం మధ్యాహ్నం

శ్రీశైలం బస్టాండుకు వచ్చిండు. రెస్టారెంటు బస్టాండుకు దగ్గరనే, మేడ మీద. కొత్త రంగులేసిండ్రు. గోడకు ఐదు నల్లాలు, కింద చల్లపెట్టెల ఐదు డ్రమ్ములు, వెనుక గదిల ఇంకొన్ని. నాలుగు రోజుల ముందే రావాల్సినయంట. లారీ హుమ్నాబాద్‌ల చెడిపోయి నాలుగు రోజులు రోడ్డు పక్కన నిలబడ్డదని శ్రీశైలం చెప్పిండు. "వచ్చినయి గదా బావా, అదే చాలు" అన్నడు. నేను తలూపిన.

నేర్చుకునేటోళ్లు ఇద్దరు. ఒకరు బసవరాజు. కమఠాణ నుంచి రోజు మోటారు సైకిల్ మీద వస్తడు, నలభై ఐదేండ్లు, ఇంతకు ముందు వైన్‌షాపుల కౌంటర్ మీద పదేండ్లు చేసిండు. రెండోది శ్రీశైలం భార్య జ్యోతి. వాళ్ల పుట్టినిల్లు గంజ్‌ల హోల్‌సేల్ కిరాణం, తాతల కాలం నుంచి. ఆమె బీరు ముట్టది. గల్లా మీద కూసునేది నేనైతే అమ్మేదేందో నాకు తెలువాలె గదా అని వచ్చి కూసున్నది.

ముందుగల రూల్స్ చెప్పిన. మా ప్యానెల్ గదిల, అంటే కంపెనీల రుచి చూసేటోళ్లందరం కూసునే గదిల, ఎట్లుంటదో గట్లనే. "తలకు నూనె ఉండొద్దు. పువ్వులొద్దు. పౌడరొద్దు, సెంటొద్దు. పాన్, జర్దా అసలే వద్దు. అగర్‌బత్తి ఉంటే ఆర్పుండ్రి."

జ్యోతి తలల మల్లెపూలు తీసి కవర్ల ఏసి బయట పెట్టింది. శ్రీశైలం దేవుని పటానికి దండం పెట్టి, "స్వామీ, పది నిమిషాలు" అని అగర్‌బత్తి ఆర్పిండు. బసవరాజు పోయి నీళ్ల నల్లా కింద సబ్బుతోటి తల కడుక్కొచ్చిండు. గింత శ్రద్ధ మా కంపెనీల కూడ చూడలే.

"బీరుల రెండే వంశాలున్నయి" అని మొదలుపెట్టిన. "ఇడ్లీపిండి పులిసినట్టు, బార్లీ నీళ్లు పులువాలె. పులిపించేది ఈస్టు అనే జీవం. ఒక రకం ఈస్టు సల్లదనంల, మెల్లగ, అడుగున కూసుని పని చేస్తది. దాంతోటి అయ్యేది లాగర్. ఇంకో రకం వెచ్చదనంల, తొందరగ, పైకి తేలి పని చేస్తది. దాంతోటి అయ్యేది ఏల్. ప్రపంచంల ఎన్ని పేర్లున్నా, శానా మట్టుకు ఈ రెండిండ్ల పిల్లలే."

"మరి స్ట్రాంగ్ సార్?" అన్నడు బసవరాజు.

"స్ట్రాంగ్ కూడ లాగరే. దాంట్ల మత్తు పెంచిండ్రు, అంతే."

బసవరాజు మొహం చిన్నబోయింది. పదేండ్లు అమ్మిన సరుకు వేరే జాతి అనుకున్నడు పాపం.

మొదటి గ్లాసు పిల్స్‌నర్. లాగర్లల్ల మర్యాదస్తురాలు. బంగారు రంగు, అవుతలి మనిషి కనపడేంత తేట, చివర్ల సన్నటి చేదు. "దీంట్ల దాచుకునెటందుకు జాగ లేదు. ఆవగింజంత తప్పు జరిగినా బయటపడ్తది. అందుకే ముందుగల దీన్ని చూడాలె" అన్న. గ్లాసు తిప్పిన, ముక్కు కాడికి తెచ్చిన, కళ్లు సగం మూసిన, రెండు గుక్కలు మింగిన. నాలుకకు చేదు సరిగ్గనే తగిలింది.

"ఫస్ట్ క్లాస్" అన్న.

శ్రీశైలం గుండెల మీద చెయ్యేసుకున్నడు. జ్యోతి తన గ్లాసు వాసన చూసి, నా దిక్కు చూసి, మల్లొక్కసారి వాసన చూసింది.

రెండోది గోధుమ బీరు. మబ్బు మబ్బుగ ఉంటది, వడగట్టరు. బసవరాజు పీల్చి, "అరటిపండు కలిపిండ్రా సార్?" అన్నడు. "కలపలే. ఆ ఈస్టు గుణమే అది. ఇంకో వాసన కూడ ఉంటది, చెప్పుకో" అన్న. నేను జవాబు చెప్పక ముందే జ్యోతి "లవంగం" అన్నది. గ్లాసు ఆమెకు అడుగు దూరంల ఉన్నది.

మూడోది పేల్ ఏల్, రాగిచెంబు రంగు. హాప్స్ అని ఒక తీగ పువ్వు ఉంటది, బీరుకు చేదు, వాసన ఇచ్చేది అదే. పేల్ ఏల్‌ల అది లెక్కప్రకారం ఉంటది. నాలుగోది ఐపీఏ, దాంట్ల లెక్క తప్పి ఉంటది. తెల్లోళ్లు ఓడల ఇండియాకు పంపేటప్పుడు చెడిపోకుండ పువ్వు దండిగ ఏసిండ్రని చెప్తరు. నిజమెంతో తెల్వది. పేరుల ఇండియా ఉన్నది గాని మన దిక్కు దాన్ని అడిగినోన్ని నేను చూడలే.

బసవరాజు ఒక గుక్క మింగి గ్లాసు దూరం జరిపిండు. "వేపాకు రసం సార్. దీనికి పైసలిస్తరా?"

"ఎక్కువిస్తరు."

ఐదోది స్టౌట్. బార్లీని కాఫీగింజల లెక్క నల్లగ ఏంచి చేస్తరు. నల్లటి బీరు, మీద తెల్లటి నురుగు. "బిద్రీ పూలకుండీ" అన్నడు బసవరాజు, ఈ ఊరోడు గదా. నల్ల లోహం మీద తెల్లటి వెండి పని, ఈడి సరుకే. "ఇంత నల్లగున్నదంటె కిక్కు కూడ గట్లనే ఉంటది గదా సార్?"

"రంగుకు, కిక్కుకు సంబంధం లేదు. మీ స్ట్రాంగ్‌ల ఉన్నంత కూడ దీంట్ల ఉండది." ఈ ఒక్క ముక్క నేర్పెటందుకు నాకు పావుగంట పట్టింది. ఆఖరికి కూడ నమ్మినట్టు లేడు. "ఇంకో రకం ఉన్నది, కావాలని పుల్లగ చేసేది. పాత దేశాలల్ల ఏండ్లకేండ్లు చెక్క పీపాలల్ల పెట్టి చేస్తరు. అది మాత్రం ఈడ పెట్టకుండ్రి, గిరాకి గల్లా పట్టుకుంటడు" అని చెప్పి ముగిచ్చిన.

అందరు మెచ్చుకున్నరు. నేను చెప్పిన దాంట్ల ఒక్క అబద్ధం లేదు. మొదటి గ్లాసుది తప్ప. అది అబద్ధమో నిజమో కూడ నాకు తెల్వది, అదే నా బాధ.

చౌబారా దగ్గర, శుక్రవారం

పొద్దున కోట చూసిన, పైన చెప్పిన గదా. తిరిగొస్తుంటె చౌబారా కాడ, అంటే ఊరి నడుమ పాత బురుజు కాడ, అత్తర్ దుకాణం కనబడ్డది. చిన్నది, మనిషి కాళ్లు ముడుసుకుని కూసునేంత. ముసలాయన లోపల సీసాలు తుడుసుకుంటుండు.

మా పనోళ్లు అత్తర్ దుకాణం ఉన్న గల్లీకి కూడ పోరు. వాసన బట్టలకు పట్టుకుంటె ఆ రోజు ప్యానెల్‌కు పనికిరాం. పెండ్లిల పన్నీరు చల్లుతుంటె బాత్రూంల దాక్కున్న మనిషిని నేను. కాని ఆ రోజు ఎక్కిన. ఎందుకంటే, ఇంత ఘాటు సరుకుల ఏదన్న ఒక్కటి, కొసకు ఒక్కటన్న ముక్కుకు తగుల్తదేమోనని ఆశ.

"ఆయియే సాబ్" అని ముసలాయన నా ఎడమ చెయ్యి వెనుక ఒక చుక్క రాసిండు. "గులాబ్. కైసా హై?"

ఏం లేదు. "బహుత్ బఢియా" అన్న.

కుడి చేతికి ఖస్, అదే వట్టివేరు, రాసిండు. ఏం లేదు. మణికట్టుకు నాలుగైదు కలిపి చేసిన మజ్మువా, ఇంకో మణికట్టుకు చందనం, చెవి వెనుక కస్తూరి. ముసలాయనకు నన్ను చూస్తె ముచ్చటేసింది. ఇంత ఓపికగ కూసున్న గిరాకి ఆయనకు శాన్నాళ్ల తర్వాత దొరికినట్టుంది. నేను ఒక్కోదాన్ని పీల్చుకుంట లోపల్లోపల దేవునికి మొక్కుతున్న. ముక్కు లేనోనికి అత్తర్ దుకాణమైనా సిమెంటు దుకాణమైనా ఒకటే. నూటయాభై పెట్టి చిన్న సీసా కొన్న, మర్యాదకు. అవుతలికొచ్చి చాయ్ తాగి, ఆ సంగతే మరిచిపోయిన. నాకు వాసన వస్తె గదా యాదికుండేది.

రెండో పాఠం

మధ్యాహ్నం మూడింటికి మళ్ల గ్లాసులు పెట్టిచ్చిన. రూల్స్ మల్లొక్కసారి చదివిన: నూనెలొద్దు, పువ్వులొద్దు, సెంటొద్దు. బసవరాజు తలొంచుకున్నడు. రెండు సార్లు తుమ్మిండు. శ్రీశైలం కిటికీ తీసి, "బావా, ఏందీ పెండ్లికొడుకు లెక్కున్నవ్?" అన్నడు. నేను బట్టల గురించి అంటుండనుకుని "ఉతికిన షర్టు" అన్న.

జ్యోతి లేచింది. "అన్నా, ఒక్కసారి వంటింట్లకు రా."

పోయిన. ఆమె గొంతు తగ్గిచ్చి అడిగింది. "అన్నా, నువ్వు అత్తర్ దుకాణానికి పోయినవా?"

చేతులు చూసుకున్న, వాటి మీద ఏదో కనపడ్తదన్నట్టు.

"గులాబ్ ఒక్కటే కాదు. ఐదు రకాలున్నయి నీ మీద. నిన్న నా మల్లెపూలు తీపిచ్చినోనివి, ఇయ్యాల గిట్లొచ్చి గ్లాసు పట్టుకున్నవ్. నీకు తెలిసి గట్ల చేస్తవా?" ఆమె వంటింటి తలుపు దగ్గరికేసింది. "ఇంకొకటి. నిన్న ఆ మొదటి గ్లాసుల వానకు తడిసిన అట్టడబ్బా వాసనొచ్చింది. వానకాలంల మా గోదాంల వస్తది, అచ్చం అదే. నువ్వు ఫస్ట్ క్లాస్ అన్నవ్. ఆ బీరు గట్లనే ఉంటదేమో, పెద్దోనివి, నీకు తెలుస్తది అనుకున్న. అన్నా, నీకు వాసన వస్తలేదా?"

ఇరవై రెండేండ్లల్ల బీరు మీద నేను చదివిన మొదటి పాఠమే తడిసిన అట్ట. ఎండకు కాగిన బీరుకు ఆ వాసనొస్తది. హుమ్నాబాద్‌ల నాలుగు రోజులు ఎండల నిలబడ్డ లారీ సంగతి శ్రీశైలం చెప్తనే ఉన్నడు, నేను తలూపుతనే ఉన్న. ముక్కు లేకున్నా మెదడన్న ఉండాలె గదా.

"వస్తలేదమ్మా" అన్న. "ఏడు నెలలాయె."

ఏడు నెలలల్ల మొదటిసారి ఆ మాట బయటకు వచ్చింది. జ్యోతి అయ్యో అనలే, పాపం అనలే. "అయితే ఆయనకు ఇప్పుడే చెప్పాలె. రేపు పదకొండింటికి ఓపెనింగ్" అన్నది.

అందరి ముందట చెప్పిన. బసవరాజు గ్లాసు కింద పెట్టిండు. శ్రీశైలం కుర్సీల కూలబడ్డడు. "బావా, అందరు అడిగేది అదేనని పిల్స్‌నర్ నాలుగు డ్రమ్ములు తెప్పిచ్చిన. ఊరంత పిలిచిన. నువ్వు సరే అన్నవని పిలిచిన!" అని అరిచిండు. అరవాలె, తప్పు లేదు. నేను తలొంచుకుని నిలబడ్డ.

"అరిచింది చాలు. మిగతాయి చూద్దాం పా" అన్నది జ్యోతి. నన్ను సబ్బుతోటి మోచేతుల దాక రెండు సార్లు కడుక్కొమ్మన్నది. చెవుల వెనుక కూడ. ఆ తర్వాత కూడ గ్లాసులకు మూడు గజాల దూరంల, కిటికీ కాడ కూసోబెట్టింది.

గట్ల మొదలైంది అసలు పని. ఆమె పీలుస్తది, నేను అడుగుత.

"వెన్న కాగిన వాసన ఉన్నదా?"

"లే."

"ఉడికిన మక్కకంకి?"

"లే."

"కుళ్లిన కోడిగుడ్డు?"

"ఛీ, లే."

"మరేమున్నది?"

"నారింజ తొక్క గిల్లితే చెయ్యికి అంటేది. తర్వాత పచ్చిగడ్డి. కొంచెం బెల్లం."

అది పేల్ ఏల్. అచ్చం గట్లనే ఉండాలె. స్టౌట్‌ల మాడిన కాఫీ, నల్లబెల్లం అన్నది, గోధుమ బీరుల నిన్నటి అరటిపండే అన్నది. ఆమె చెప్తుంటె ఆ వాసనలన్నీ నాకు ఒక్కొక్కటే యాదికొచ్చినయి. ఏడు నెలల నుంచి దగ్గరికి రానియ్యలే నేను వాటిని, యాదికొస్తె బాధైతదని. ఆ గంట నేను శానా సంతోషంగ ఉన్న. నాలుగు రకాలు మంచియని తేలినయి. పిల్స్‌నర్ నాలుగు డ్రమ్ములు మాత్రం అట్టడబ్బానే, లారీల అంచుకు పెట్టిండ్రేమో. శ్రీశైలం పంపినోళ్లకు ఫోన్ చేసి కన్నడంల మాట్లాడిండు. నాకు అర్థం కాలే, అర్థం కాకపోవుడే మంచిదనిపిచ్చింది.

ఓపెనింగ్

శనివారం నాలుగు నల్లాలతోటి తెరిచిండ్రు. ఐదో నల్లాకు బంతిపూల దండ ఏసిండ్రు. వచ్చినోళ్లల్ల కొంత మంది అది దేవుని కోసమనుకుని దండం కూడ పెట్టిండ్రు. మన దిక్కు బార్‌ల కూసోంగనే సీసా మూత ఎగిరిపోవాలె, లేకుంటె లొల్లి. ఈడోళ్లు ముందుగల నల్లాల పేర్లు చదివి, ఒకల మొహం ఒకలు చూసుకుని, ఆఖరికి "స్ట్రాంగ్" అన్నరు.

బసవరాజు ప్రతి బల్ల కాడ నిలబడి కన్నడంల రెండు వంశాల కథ చెప్పిండు. ఒక కాంట్రాక్టరు నల్లగున్నది చూసి స్టౌట్ మూడు గ్లాసులు తాగి, "ఎక్కింది, బాగ ఎక్కింది" అన్నడు. బసవరాజు నా దిక్కు చూసిండు. నేను ఇంకో బల్ల దిక్కు తిరిగిన. ఐపీఏ ఒక్కరు తాగిండ్రు, పూర్తిగ తాగలే.

ఆదివారం పొద్దున శ్రీశైలం నన్ను బస్సెక్కిచ్చిండు. ఇంక కోపం పోలే, కాని టిఫిన్ కట్టిచ్చిండు. "అక్కకు నువ్వే చెప్పు బావా" అన్నడు. ఈసారి నేను నిద్రపోలే, జహీరాబాద్‌ల దిగిన, ఇంటికి పోంగనే చెప్పిన. ఆమె ఏమన్నదో ఈడ రాయను.

సోమవారం

ప్యానెల్ గదిల మూడు గ్లాసులు పెట్టిండ్రు. మా ఇన్‌చార్జి వసంత మేడం, నా కంటె పదిహేనేండ్లు చిన్నది, నేనే నేర్పిచ్చిన పిల్ల. నేను గ్లాసులు ముట్టలే. "మేడం, నాకు వాసన రాదు. ఏడు నెలలైంది. అబద్ధం చెప్పిన" అన్న.

ఆమె పెన్ను తీసి ప్యానెల్ పట్టీల నా పేరు కొట్టేసింది. ఒకటో తారీఖు నుంచి లోడింగు అన్నది.

"మీరే వచ్చి చెప్తరని చూస్తున్నం అన్నా. ఆరు నెలల నుంచి మీ కాగితాలు మేము లెక్కల కలుపుతలేం."

"ఎట్ల తెలిసింది?"

ఆమె డ్రాయరు తీసి ఒక కాగితాల కట్ట నా ముందట పెట్టింది. అన్నీ నా చేతిరాతనే. బాగున్నది. బాగున్నది. బాగున్నది.

"అనుమానమొచ్చి మీ పాత ఫైళ్లన్నీ తీసి చూసినం" అన్నది. "అంతకు ముందు ఇరవై ఒక్క ఏండ్లల్ల, ఒక్క బీరును కూడ మీరు బాగున్నదని రాయలే."